ఫోనులోని ఫోటోలు, వీడియోలు ల్యాప్‌టాప్‌లోకి చేరడం లేదు: వరదల లోపు పూర్తి చేయాలి, దారి చెప్పగలరు

లంక ఆడపడుచు (శుక్రవారం, రాత్రి 9.10)

అందరికీ నమస్కారం. మాది పి. గన్నవరం దగ్గర, వైనతేయ పాయను ఆనుకుని ఉన్న ఒక లంక గ్రామం. మా నాన్నగారి ఆండ్రాయిడ్ ఫోను 128 జీబీది. అందులో తొమ్మిది వేలకు పైగా ఫోటోలు, ఏడు వందల దాకా వీడియోలు ఉన్నాయి. మొత్తం 84 జీబీ అని ఫోను చూపిస్తోంది. ఖాళీ లేకపోవడంతో ఇప్పుడు కొత్తగా ఒక్క ఫోటో కూడా తీయలేకపోతున్నారు. "పాతవి కొన్ని తీసేద్దాం" అని నాన్నగారు అంటున్నారు గాని, ఏవి తీసేయాలో తేల్చుకోవడం మా ఇద్దరి వల్లా కావడం లేదు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి గంగలకుర్రు ప్రభలు (దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసే ఎత్తైన వెదురు అలంకారాలు) కౌశిక కాలువ దాటుతున్నప్పుడు తీసిన వీడియోలు నాలుగేళ్ళవి అందులోనే ఉన్నాయి. నిరుడు మాకు దూరమైన మా అమ్మ, వాటిలో కొన్నింటిలో వెనుక నుంచి మాట్లాడుతూ వినిపిస్తుంది. అమ్మ గొంతు మాకు మిగిలింది ఆ వీడియోల్లోనే.

నా దగ్గర విండోస్ ల్యాప్‌టాప్ ఉంది. చార్జింగ్ వైరుతో రెండింటినీ కలిపితే ఫోను చార్జింగ్ ఎక్కుతోంది తప్ప, ల్యాప్‌టాప్‌లో ఫోను పేరే కనబడడం లేదు. మూడు సార్లు ఫోను ఆపి మళ్ళీ వేశాను, ల్యాప్‌టాప్ కూడా అలాగే చేశాను. జూలై వస్తే మాకు ఏటిగట్టు మీద ఎన్ని రోజులు గడపవలసి వస్తుందో తెలియదు కాబట్టి, ఆలోపు ఈ పని ముగించాలని ఉంది. పూర్తిగా తెలియనివారికి చెప్పినట్టు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

అమలాపురం కంప్యూటర్ మాస్టారు (శుక్రవారం, రాత్రి 9.52)

అమ్మా, ముందు మీ ఫోనులో ఒక్క ఫైలు కూడా తీసేయవద్దని నాన్నగారికి చెప్పండి. ఖాళీ లేకపోవడం వల్ల ఇప్పుడున్న ఫోటోలకు ప్రమాదమేమీ లేదు.

మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి నా మొదటి అనుమానం వైరు మీద. సాధారణ యూఎస్‌బీ వైరులో లోపల నాలుగు తీగలుంటాయి. రెండు కరెంటును మోస్తాయి, మిగిలిన రెండు సమాచారాన్ని మోస్తాయి. చవకగా దొరికే కొన్ని వైర్లలోను, పవర్ బ్యాంకులతో, చార్జింగ్ లైట్లతో వచ్చే వైర్లలోను ఈ రెండో జత తీగలు అసలు వేయరు. అటువంటి వైరుతో ఫోను చక్కగా చార్జింగ్ ఎక్కుతుంది, కాని ల్యాప్‌టాప్‌కు మాత్రం అక్కడ ఒక ఫోను ఉందన్న సంగతే తెలియదు. పైకి చూస్తే రెండు రకాల వైర్లూ ఒకేలా ఉంటాయి కాబట్టి కంటితో తేల్చలేము. దుకాణంలో "చార్జింగ్ వైరు" అని అడగకుండా "డేటా కేబుల్" అని అడగండి. వీలుంటే ల్యాప్‌టాప్ వెంట తీసుకువెళ్ళి, అక్కడే పెట్టి చూసి, ఫోను పేరు కనబడ్డాకే డబ్బులివ్వండి. ఫోను పెట్టెలో వచ్చిన అసలు వైరు ఇంట్లో ఎక్కడైనా ఉంటే అదే చాలు.

వైరు మంచిదైనా ఇంకొక మెట్టు ఉంది. ఆండ్రాయిడ్ ఫోను ఏ యంత్రానికి తగిలించినా, భద్రత కోసం మొదట చార్జింగ్ మాత్రమే అనుమతిస్తుంది. ఫోను తాళం తీసి, తెర పైనుంచి కిందికి లాగితే వచ్చే నోటిఫికేషన్లలో యూఎస్‌బీ గురించి ఒక వరుస ఉంటుంది. దాని మీద నొక్కి, "ఫైల్ ట్రాన్స్‌ఫర్" అన్నది ఎంచుకోవాలి. కొన్ని ఫోన్లలో దాని పక్కన "ఆండ్రాయిడ్ ఆటో" అని కూడా ఉంటుంది, రెండూ ఒకటే వరుస. ఎంచుకున్నాక ల్యాప్‌టాప్‌లో "దిస్ పీసీ" తెరిస్తే ఫోను పేరు కనబడాలి. ఆ నోటిఫికేషనే రాకపోతే వైరుదే లోపమని దాదాపు నిశ్చయించుకోవచ్చు.

రాజోలు సెల్ మెకానిక్ (శుక్రవారం, రాత్రి 10.30)

మాస్టారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. పదిహేనేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. మన లంకల్లోను, సముద్రం దగ్గరి ఊళ్ళలోను వచ్చే ఫోన్లలో చార్జింగ్ పిన్ను లోపల దుమ్ము, కొబ్బరి పీచు, ధాన్యం నూర్చే రోజుల్లో అయితే ఊక కూడా గట్టిగా కూరుకుపోయి ఉంటాయి. వైరు పూర్తిగా లోపలికి దిగకపోతే కరెంటు తీగలు తగులుతాయి గాని, డేటా తీగలు సరిగా తగలవు. ఫోను పూర్తిగా ఆపి, వెదురు పళ్ళపుల్లతో అంచుల వెంబడి మెల్లగా తీయండి. గుండుసూది, పిన్నీసు వంటివి పెట్టవద్దు, లోపలి పిన్నులు వంగిపోతాయి. ఉప్పు గాలి తగిలే చోట ఆ పిన్నులకు పచ్చగా చిలుము కూడా పడుతుంది. అది ఇంట్లో పోయేది కాదు, దుకాణానికి తేవలసిందే.

దుకాణానికి ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పడం నా ధర్మం. పిన్ను మార్చడానికి ఫోను తాళం తీసే అవసరం లేదు, అంకెలు చెప్పవలసిన అవసరమూ లేదు. ఫోటోలు ఎక్కించి ఇమ్మని ఇస్తే మాత్రం పని అయ్యేదాకా పక్కనే కూర్చోండి. ఇంటి ఆడవాళ్ళ ఫోటోలు, బ్యాంకు కాగితాల ఫోటోలు అన్నీ అందులోనే ఉంటాయి. పని చేసేవాడు మంచివాడే కావచ్చు, కాని ఆ దుకాణంలోని కంప్యూటర్‌లో మీ ఫోటోల నకలు ఉండిపోకూడదు.

లంక ఆడపడుచు (శనివారం, సాయంత్రం 6.40)

మాస్టారికీ, రాజోలు అన్నయ్యగారికీ కృతజ్ఞతలు. పిన్నులోంచి పళ్ళపుల్ల కొసంత కొబ్బరి పీచు వచ్చింది. పి. గన్నవరంలో డేటా కేబుల్ తీసుకున్నాను. ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోగానే ఫోను పేరు కనబడింది, లోపల డీసీఐఎం అన్న ఫోల్డరు, అందులో కెమెరా అన్న ఫోల్డరు ఉన్నాయి. ఆ ఫోల్డరు మొత్తం కట్ చేసి ల్యాప్‌టాప్‌లో పేస్ట్ చేస్తే ఫోను కూడా ఒకేసారి ఖాళీ అవుతుంది కదా? ఈ రాత్రికి అలా పెట్టి పడుకుందామని అనుకుంటున్నాను.

పాలకొల్లు తెలుగు పంతులు (శనివారం, సాయంత్రం 6.48)

అమ్మా, దయచేసి కట్ చేయవద్దు. కాపీ మాత్రమే చేయండి. మా మనవరాలి అన్నప్రాశన వీడియో నేను కట్ చేసి పేస్ట్ చేస్తుండగా వైరు కదిలింది. ల్యాప్‌టాప్‌లో ఆ పేరుతో ఫైలు ఉంది గాని దాని పరిమాణం సున్నా. ఫోనులోనూ అది లేదు. మూడేళ్ళయింది, నేటికీ మా కోడలికి ఆ సంగతి చెప్పేటప్పుడు నోరు పెగలదు.

లంక ఆడపడుచు (శనివారం, సాయంత్రం 6.55)

ఆపేశాను, బాబాయిగారూ. ఇంకా మొదలుపెట్టలేదు. మీ మాట సమయానికి అందింది.

అమలాపురం కంప్యూటర్ మాస్టారు (శనివారం, రాత్రి 8.15)

పంతులుగారు చెప్పినది అక్షరాలా నిజం. అలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే మళ్ళీ ఎవరూ ఆ పొరపాటు చేయరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

పెన్‌డ్రైవ్ పెట్టినప్పుడు దానిలోని స్థలమంతా ల్యాప్‌టాప్ చేతికి వచ్చేస్తుంది. ఫోను అలా కాదు. ఎంటీపీ అనే పద్ధతిలో ఫోను తన నిల్వను తన దగ్గరే ఉంచుకుని, ల్యాప్‌టాప్ అడిగిన ఫైలును ఒకదాని తరువాత ఒకటిగా అందిస్తుంది. గుమ్మం బయట నిలబడినవారికి లోపలివారు బియ్యం కొలిచి పోస్తున్నట్టు అనుకోండి. అందువల్ల వేల ఫైళ్ళున్న ఫోల్డరు తెరిస్తే జాబితా కనబడడానికే నిమిషాలు పడుతుంది, ఎంత కాపీ అయిందో చూపే పచ్చగీత ఒకచోట ఆగిపోయినట్టు అనిపిస్తుంది. అది చెడిపోవడం కాదు, ఫోను లెక్క చెబుతోందన్నమాట. మధ్యలో వైరు కదిలినా, ల్యాప్‌టాప్ నిద్రలోకి జారుకున్నా ఆ వరుస తెగిపోతుంది. కాపీ చేస్తుంటే తెగినా అసలు ఫైలు ఫోనులో భద్రంగా ఉంటుంది. కట్ చేస్తుంటే తెగితే ఏ ఫైలు ఎటు ఉందో చెప్పలేము.

కాబట్టి రాత్రి పెట్టి పడుకోవడం వద్దు. ల్యాప్‌టాప్‌ను చార్జింగ్‌లో ఉంచి, పవర్ సెట్టింగులలో స్లీప్‌ను "నెవర్" అని మార్చి, తొమ్మిది వేల ఫోటోలను ఒకేసారి కాక నెలల వారీగా ఐదారు వందల చొప్పున కాపీ చేయండి. ఫైళ్ళ పేర్లలోనే సంవత్సరం, నెల, తేదీ వరుసగా ఉంటాయి కాబట్టి పేరు ప్రకారం అమర్చుకుంటే ఎంచుకోవడం తేలిక. యూఎస్‌బీ 2.0 వేగం లెక్కకు సెకనుకు 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు. వాస్తవంలో 30 దాటితే గొప్ప. ఆ లెక్కన 84 జీబీకి ముప్పావు గంట సరిపోవాలి గాని, చిన్న ఫైళ్ళు ఎక్కువ కాబట్టి రెండు మూడు గంటలు పట్టినా కంగారుపడవద్దు. ల్యాప్‌టాప్‌కు నేరుగా తగిలించండి, మధ్యలో యూఎస్‌బీ హబ్ వద్దు.

ముఖ్యమైన సంగతి ఇంకొకటి. కెమెరా ఫోల్డరు ఒక్కటీ తీసుకుంటే సగం ఇల్లే సర్దినట్టు. వాట్సాప్‌లో బంధువులు పంపినవి అందులో ఉండవు. ఆండ్రాయిడ్ 11 నుంచి అవి "ఆండ్రాయిడ్" అన్న ఫోల్డరులో "మీడియా", దానిలో "కామ్.వాట్సాప్", మళ్ళీ "వాట్సాప్", ఆపైన "మీడియా" అన్న లోతులో ఉంటాయి. స్క్రీన్‌షాట్లు సాధారణంగా "పిక్చర్స్"లోనో డీసీఐఎంలోనో, ఇంటర్నెట్ నుంచి దిగినవి "డౌన్‌లోడ్"లోను ఉంటాయి. అమ్మగారి గొంతు వాయిస్ మెసేజ్‌లలో కూడా ఉండి ఉండవచ్చు. "వాట్సాప్ వాయిస్ నోట్స్" అన్న ఫోల్డరును తప్పకుండా కాపీ చేసుకోండి.

యానాం తీరవాసి (శనివారం, రాత్రి 9.05)

వైరు లేకుండా కూడా చేయవచ్చునని ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. గూగుల్ వారి నియర్‌బై షేర్, శామ్‌సంగ్ వారి క్విక్ షేర్ 2024 జనవరిలో ఒకటై, ఇప్పుడు క్విక్ షేర్ అన్న పేరుతోనే ఉన్నాయి. విండోస్‌కూ ఆ అప్లికేషన్ ఉంది. లోకల్‌సెండ్ అని ఇంకొకటి ఉంది. ఉచితం, ప్రకటనలు ఉండవు, ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్, లినక్స్ అన్నింటిలోను పని చేస్తుంది. రెండు యంత్రాలూ ఒకే వైఫైలో ఉంటే చాలు, ఇంటర్నెట్ అవసరం లేదు. ఇంట్లో వైఫై లేకపోతే ఫోనులోనే హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్‌ను దానికి కలపవచ్చు. అలా కలిపినప్పుడు మొబైల్ డేటా ఆపి ఉంచండి. లేకపోతే ల్యాప్‌టాప్ తన అప్‌డేట్లను ఆ దారినే దింపుకుని మీ రోజువారీ డేటాను ఖర్చు చేసేస్తుంది.

అమలాపురం కంప్యూటర్ మాస్టారు (శనివారం, రాత్రి 9.20)

పది ఇరవై ఫోటోలకైతే నేనూ లోకల్‌సెండ్‌నే వాడతాను, మంచి సాధనం. కాని 84 జీబీని గాలిలో పంపమని నేను చెప్పలేను. 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫై మీద అది ఒక పూట పని. మధ్యలో ఫోను వేడెక్కుతుంది, తెర ఆరితే కొన్ని ఫోన్లు ఆ పనిని ఆపేస్తాయి. ఆమె చేతిలో ఇప్పుడు మంచి వైరు ఉంది.

నరసాపురం లేసు అల్లిక (ఆదివారం, ఉదయం 7.30)

నాకు ల్యాప్‌టాప్‌తో పని లేకుండా టైప్-సి పెన్‌డ్రైవ్ ఫోనుకే పెట్టి ఎక్కించడం అలవాటు. లేసు నమూనాల ఫోటోలన్నీ అలాగే దాచుకుంటాను. అయితే మొన్న భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం వీడియో ఒకటి ఐదు జీబీకి పైన ఉంటే, పెన్‌డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉండి కూడా పట్టలేదు. కారణం ఏమిటో ఎవరైనా చెప్పగలరా? లంక అమ్మాయిగారికీ ఉపయోగపడవచ్చు.

రాజోలు సెల్ మెకానిక్ (ఆదివారం, ఉదయం 8.10)

అక్కా, ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటుంది. ఆ పద్ధతిలో ఒక్కొక్క ఫైలు 4 జీబీకి మించకూడదు, ఖాళీ ఎంత ఉన్నా సరే. ఎక్స్‌ఫ్యాట్‌లోకి మారిస్తే ఆ హద్దు పోతుంది. ఫార్మాట్ చేస్తే అందులోని నమూనాలన్నీ చెరిగిపోతాయి కాబట్టి ముందు వాటిని ఇంకొకచోట కాపీ చేసుకుని, తెరిచి చూసుకున్నాకే చేయండి. కొన్ని పాత ఫోన్లు ఎక్స్‌ఫ్యాట్‌ను చదవలేవు. మీ ఫోను చదువుతుందో లేదో ఖాళీ పెన్‌డ్రైవ్‌తో ముందు పరీక్షించుకోవడం మంచిది.

కడియం మొక్కల తోట (ఆదివారం, ఉదయం 11.00)

మా అబ్బాయిది ఐఫోను, మాది విండోస్ ల్యాప్‌టాప్. నర్సరీ మొక్కల ఫోటోలు వాడే తీస్తాడు. ఐఫోనుకూ ఈ పద్ధతే వర్తిస్తుందా?

అమలాపురం కంప్యూటర్ మాస్టారు (ఆదివారం, మధ్యాహ్నం 12.20)

వైరు సంగతి అదే, సెట్టింగులు వేరు. తగిలించగానే ఫోనులో ఈ కంప్యూటర్‌ను నమ్మవచ్చునా అని అడుగుతుంది, "ట్రస్ట్" నొక్కి అంకెలు ఇవ్వాలి. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోను ఫోటోలను హెచ్‌ఈఐసీ అనే రూపంలో దాచుకుంటోంది. సెట్టింగులలో "ఫోటోస్"లోకి (ఐఓఎస్ 18 నుంచి అది "యాప్స్" లోపల ఉంటుంది) వెళ్ళి, అట్టడుగున "ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ" అన్నచోట "కీప్ ఒరిజినల్స్" ఎంచుకుంటే ఉన్నది ఉన్నట్టుగా వస్తాయి. "ఆటోమేటిక్" ఉంచితే పంపేటప్పుడే జేపీజీగా మారుస్తుంది. పెద్ద సంఖ్యలో కాపీ చేసేటప్పుడు ఈ మార్పిడి వల్ల పని మధ్యలో ఆగే అవకాశం ఎక్కువ. ఐక్లౌడ్ వాడుతూ "ఆప్టిమైజ్ స్టోరేజ్" పెట్టి ఉంటే అసలు ఫోటోలు ఫోనులోనే ఉండకపోవచ్చు, వాటిని ఐక్లౌడ్ నుంచి దింపుకోవాలి.

మొక్కల ఫోటోలను కొనుగోలుదారులకు వాట్సాప్‌లో పంపేటప్పుడు కూడా "డాక్యుమెంట్"గా పంపండి. ఫోటోగా పంపితే పరిమాణం తగ్గించి పంపుతుంది, ఆకు మీది ఈనెలు కూడా అలుక్కుపోతాయి.

లంక ఆడపడుచు (సోమవారం, రాత్రి 8.30)

కాపీ పూర్తయింది. నిన్న మధ్యాహ్నం మొదలుపెట్టి, మధ్యలో రెండు సార్లు కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిచి, ఈ సాయంత్రానికి ముగిసింది. వాట్సాప్ వాయిస్ నోట్సులో అమ్మ పంపినవి ఇరవై రెండు దొరికాయి. అవి ఉన్నాయని నాకు తెలియనే తెలియదు. మాస్టారికి ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

రెండు సందేహాలు మిగిలాయి. చాలా ఫోటోలకు ల్యాప్‌టాప్‌లో నిన్నటి తేదీ, ఈనాటి తేదీ చూపిస్తోంది. ఏ ప్రభల తీర్థం ఏ ఏడాదిదో ఇక తెలియదా? రెండవది, కొన్ని వీడియోలు మాట వినిపిస్తున్నాయి గాని బొమ్మ నల్లగా ఉంది. అవి పాడయ్యాయేమోనని భయంగా ఉంది.

యానాం తీరవాసి (సోమవారం, రాత్రి 8.50)

వీడియోలు పాడు కాలేదు, నిశ్చింతగా ఉండండి. ఇప్పటి ఫోన్లు స్థలం ఆదా చేయడానికి హెచ్‌ఈవీసీ పద్ధతిలో వీడియో తీస్తాయి. విండోస్‌లో దాన్ని చదివే భాగం చాలా ల్యాప్‌టాప్‌లలో ముందుగా ఉండదు. వీఎల్‌సీ ప్లేయర్ ఉచితంగా వేసుకుని అందులో తెరవండి, బొమ్మ కనబడుతుంది.

అమలాపురం కంప్యూటర్ మాస్టారు (సోమవారం, రాత్రి 9.15)

తేదీలు కూడా పోలేదమ్మా. మీరు చూస్తున్నది ఫైలు ల్యాప్‌టాప్‌లో పుట్టిన తేదీ. కెమెరా ఫోటో తీసిన క్షణంలోనే ఆ తేదీ, సమయం ఫోటో లోపల రాసి ఉంచుతుంది. ఫోల్డరులో పై వరుస మీద కుడి మౌసు నొక్కి "డేట్ టేకెన్" అన్నది ఎంచుకుంటే అది కనబడుతుంది. వాట్సాప్‌లో ఫోటోగా వచ్చినవాటిలో మాత్రం ఆ వివరం ఉండదు. వాటి పేరులో ఉన్న తేదీ మీకు అందిన రోజు, తీసిన రోజు కాదు.

ఇప్పుడు సరిచూసుకోవడం మిగిలింది, నా దృష్టిలో అసలు పని ఇదే. ఫోనులోని ఒక్కొక్క ఫోల్డరులో ఎన్ని ఫైళ్ళు ఉన్నాయో, ఎంత పరిమాణమో చూసి, ల్యాప్‌టాప్‌లోని ఫోల్డరు "ప్రాపర్టీస్"తో పోల్చండి. తరువాత ల్యాప్‌టాప్‌లో పరిమాణం ప్రకారం అమర్చితే సున్నా పరిమాణం ఉన్నవి ఒకచోటికి చేరతాయి. వాటిని మళ్ళీ కాపీ చేయండి. ఫోను నుంచి వైరు తీసేసి, అమ్మగారి వీడియోలను మాత్రం ఒక్కొక్కటీ చివరిదాకా చూడండి. మిగిలినవాటిలో ఫోల్డరుకు పది చూస్తే చాలు.

పాలకొల్లు తెలుగు పంతులు (సోమవారం, రాత్రి 9.40)

నాది ఒక విన్నపం. ల్యాప్‌టాప్ కూడా మీ లంకలోనే ఉంటుంది కదమ్మా. 1986 ఆగస్టు వరదకు మా అత్తవారి ఇంట్లో ట్రంకు పెట్టె నిండా నీళ్ళు చేరాయి. మా పెళ్ళి ఫోటోలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి, విడదీస్తే బొమ్మ ఊడి వచ్చింది. అప్పుడు ఇంకొక నకలు ఇంకొక ఊళ్ళో ఉంచుకునే వీలు మాకు లేదు. మీకు ఉంది. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒకటి కొని, అన్నీ అందులోకి ఎక్కించి, మెరకన ఉన్న బంధువుల ఇంట్లో పెట్టించండి.

రాజోలు సెల్ మెకానిక్ (సోమవారం, రాత్రి 10.05)

గూగుల్ ఫోటోస్‌లో పెట్టుకుంటే చాలునని కొందరు అనుకుంటారు. 2021 జూన్ 1 నుంచి అక్కడ చేరేవన్నీ 15 జీబీ ఉచిత స్థలం లెక్కలోకే వస్తున్నాయి, మీ 84 జీబీ పట్టదు. ఆ అప్లికేషన్‌లో ఫోటో డిలీట్ చేస్తే ఫోనులోను, ఖాతాలోను రెండు చోట్లా పోతుంది. ఫోను ఖాళీ చేయడానికి మాత్రమే ఉన్నది "ఫ్రీ అప్ స్పేస్". ఈ తేడా తెలియక ఏడుస్తూ వచ్చినవారిని చూశాను. బ్యాకప్ అయినవైతే ట్రాష్‌లో 60 రోజులు, కానివైతే 30 రోజులు ఉంటాయి, ఆలోపే వెతుక్కోవాలి.

లంక ఆడపడుచు (గురువారం, రాత్రి 9.30)

మాస్టారు చెప్పినట్టు లెక్క చూశాను. కెమెరా ఫోల్డరులో మూడు ఫైళ్ళు తక్కువ వచ్చాయి. పేర్లు పోల్చి చూస్తే మూడూ ఒకే రోజువి, మొదటిసారి కరెంటు పోయిన సమయంలో కాపీ అవుతున్నవి. వాటిని మళ్ళీ కాపీ చేశాను. వాటిలో ఒకటి, ప్రభ నీళ్ళలోకి దిగుతుంటే "పట్టు వదలకండర్రా" అని అమ్మ గట్టున నిలబడి అరుస్తున్న వీడియో. నాన్నగారు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని దాన్ని రెండు సార్లు చూశారు.

ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్ తెప్పించి, అన్నీ అందులోకి కూడా ఎక్కించాను. ఆదివారం మా అక్క వచ్చి రాజమహేంద్రవరం తీసుకువెళుతుంది. అది అక్కడ తెరుచుకుందని అక్క ఫోను చేసేదాకా నాన్నగారి ఫోనులోంచి ఏదీ తీసేయబోము.